మడమ కింద తువ్వాలు పెట్టండి, మోకాలి కింద కాదు

మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే కట్టు) గాయాలపై పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ వారం ఫిజియోథెరపీ నిపుణుల జవాబులు.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. కబడ్డీలో కూతకెళ్లి వెనక్కి తిరగబోతే మోకాలు మెలికపడి టప్‌మని చప్పుడైంది. రెండు గంటల్లో బాగా వాచింది. ఎమ్మారైలో ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఉండే లిగమెంట్) పూర్తిగా తెగిందని వచ్చింది. నెల గడిచింది, ఇప్పుడు మామూలుగానే నడుస్తున్నాను. ఆపరేషన్ తప్పదా? పుత్తూరు కట్టు వేయిస్తే అతుక్కుంటుందని మా పెదనాన్న అంటున్నారు. (తణుకు పాఠకుడు)

తిన్నగా నడవడానికి ఏసీఎల్‌తో పెద్దగా పని లేదు. పరుగులో ఉన్నట్టుండి ఆగి పక్కకు తిరిగినప్పుడు మోకాలి కింది ఎముక ముందుకు జారకుండా, మెలి తిరగకుండా పట్టి ఉంచేది అది. అందుకే రోడ్డు మీద బాగానే నడిచేవాళ్లు కోర్టులోకి దిగగానే కూలబడతారు.

విరిగిన ఎముకను కదలకుండా ఉంచితే అతుకుతుంది. లిగమెంట్ సంగతి వేరు. ఏసీఎల్ ఉండేది కీలు మధ్యలో, ద్రవంలో తడుస్తూ. తెగిన కొసల మధ్య మానడానికి కావలసిన రక్తపు గడ్డ అక్కడ సరిగా నిలవదు. బయట ఎంత బిగించి కట్టినా ఆ కొసలను దగ్గరికి చేర్చలేం. ఆరు వారాలు బిగిస్తే మాత్రం తొడ కండ కరిగిపోతుంది, కీలు పట్టేస్తుంది. పెదనాన్నగారితో ఇంతవరకు చెబితే చాలు, వాదనకు దిగకండి.

ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకూ ఆపరేషన్ అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులపై చేసి 2010, 2013లలో ఫలితాలు ప్రచురించిన అధ్యయనంలో, ముందు వ్యాయామాలతో మొదలుపెట్టిన వాళ్లలో దాదాపు సగం మందికి ఐదేళ్ల తర్వాత కూడా ఆపరేషన్ అవసరం పడలేదు. అయితే మీరు మళ్లీ కూతకెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. ఆ ఆటంతా ఆగడం, తిరగడమే కాబట్టి చేయించుకోవడమే మేలు. ఆట మానేసినా మోకాలు తరచూ జారిపోతుంటే అంతే. జారిన ప్రతిసారీ లోపలి కుషన్ లాంటి మెనిస్కస్ చిరిగే ప్రమాదం ఉంది. మోకాలు అటు చాపలేక, ఇటు వంచలేక లాక్ అయిపోతే మాత్రం రోజులు లెక్కపెట్టకుండా సర్జన్‌ దగ్గరికి వెళ్లండి.

ఆపరేషన్‌కి ముందు మోకాలు పూర్తిగా చాచగలగాలి, 120 డిగ్రీల దాకా వంగాలి, వాపు దిగాలి, కుంటు పోవాలి. వాచి బిగిసిన మోకాలితో టేబుల్ ఎక్కితే తర్వాత కూడా బిగిసే ఉంటుంది.

ప్రశ్న: ఏసీఎల్ ఆపరేషనై ఐదు వారాలు. తొడ వెనక కండరం నుంచి గ్రాఫ్ట్ (తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టే స్నాయువు) తీశారు. 110 డిగ్రీలు వంగుతోంది కానీ కాలు పూర్తిగా చాపలేకపోతున్నాను, కుంటుతున్నాను. మోకాలి కింద తలగడ పెట్టుకుంటేనే నిద్ర పడుతోంది. అమ్మ రోజూ నువ్వుల నూనెతో గట్టిగా మర్దన చేసి వంచుతోంది. (వరంగల్ పాఠకుడు)

ఐదో వారానికి 110 డిగ్రీలు చాలు, మిగతాది నెమ్మదిగా వస్తుంది. చాపలేకపోవడమే అసలు సమస్య. రోజులు గడిచేకొద్దీ అది ముదురుతుంది. మీ విషయంలో మొదట అనుమానించాల్సింది ఆ తలగడనే. మోకాలు కాస్త వంగి ఉంటే లోపలి వాపుకు చోటు దొరికి నొప్పి తగ్గినట్టుంటుంది, కానీ రాత్రంతా అలాగే ఉంటే కీలు వెనక పొర కుంచించుకుపోతుంది. మడమ నేలకు తగిలే క్షణంలో మోకాలు దాదాపు నిటారుగా ఉండాలి. అయిదారు డిగ్రీలు తక్కువైనా కుంటు వదలదు.

ఎంత తక్కువో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మంచం మీద బోర్లా పడుకుని, మోకాలి చిప్పలు అంచు దాటేలా కిందికి జరిగి, కాళ్లు వదిలేయండి. ఆపరేషనైన కాలి మడమ రెండోదానికంటే ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో చూడమనండి. ఒక సెంటీమీటరు తేడా అంటే సుమారుగా ఒక డిగ్రీ లోటు.

ఇక చేయాల్సింది. తువ్వాలును గట్టిగా చుట్టి మడమ కింద పెట్టండి. పిక్క, మోకాలు, తొడ కింది భాగం పరుపుకు తగలకూడదు, తగిలితే చుట్ట ఇంకా లావు చేయండి. పది నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు. కాలి వేళ్లు పైకప్పు వైపు చూడాలి. పాదం పక్కకు ఒరిగిందంటే తుంటి తిప్పి, మోకాలు వంచి తప్పించుకుంటున్నారన్నమాట. అలాగే ఉండి తొడ ముందు కండ బిగించి 5 సెకన్లు ఆపండి, 10 సార్లు. సరిగ్గా బిగిస్తే చిప్ప తొడ వైపు కొద్దిగా జరగడం కంటికి కనిపిస్తుంది. పిరుదులు మాత్రమే బిగిస్తే చిప్ప కదలదు. ఇది వచ్చాక కాలు నిటారుగా ఎత్తండి. మడమ లేచేటప్పుడు మోకాలు కొంచెం వంగినా ఆ ఎత్తడం లెక్కలోకి రాదు.

అమ్మగారి మర్దన, వంచడం ఆపించండి. బలవంతం చేస్తే కీలు వాస్తుంది, కీలు వాస్తే తొడ కండ పనిచేయడం మానేస్తుంది. మీరు రోజూ ఎంత చేయాలో కూడా వాపే చెబుతుంది. కాలు చాచి, మోకాలి లోపలి వైపు నుంచి అరచేత్తో పైకి రెండుమూడుసార్లు నిమరండి. తర్వాత బయటి వైపు పైనుంచి కిందికి ఒక్కసారి నిమరండి. లోపలి వైపు గుంట మళ్లీ ఉబ్బితే నీరుందన్నమాట. సాయంత్రం వ్యాయామం తర్వాత పెరిగిన ఉబ్బు మర్నాడు పొద్దున్నకి తగ్గకపోతే ఆ రోజు సగమే చేయండి. పలచటి గుడ్డ చుట్టి 15 నిమిషాలు ఐస్ పెట్టండి.

గ్రాఫ్ట్ తీసిన చోటు ఇంకా మానుతోంది కాబట్టి బరువు కట్టి మడమ వెనక్కి మడిచే వ్యాయామం ఇప్పుడే వద్దు. కుంటు పోయేదాకా ఒక కర్ర వాడండి, మంచి కాలి వైపు చేతిలో. రెండు వారాలు ఇలా చేసినా మడమల తేడా తగ్గకపోతే సర్జన్‌కి చూపించండి. గాయం మానేటప్పుడు వచ్చే మచ్చ గ్రాఫ్ట్‌కి ముందు వైపు ముద్దలా పెరిగి అడ్డం పడుతుంది ఒక్కోసారి. దాన్ని వ్యాయామం కరిగించలేదు.

ప్రశ్న: నాకు 46. స్కూటీ మీంచి పడితే ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్కన ఉండే లిగమెంట్) గ్రేడ్ 2, అంటే కొంతమేర తెగింది అన్నారు, హింజ్ బ్రేస్ (పక్కల మడత కీలున్న పట్టీ) ఇచ్చారు. ఆపరేషన్ వద్దన్నారు. నమ్మొచ్చా? కింద ఎప్పుడు కూర్చోవచ్చు? (నెల్లూరు పాఠకురాలు)

నమ్మొచ్చు. ఎంసీఎల్ కీలు బయట, లోపలి పక్కన ఉంటుంది. రక్తప్రసరణ బాగుంటుంది కాబట్టి ఒంటరిగా దెబ్బతిన్నప్పుడు చాలావరకు దానంతటదే మానుతుంది. బ్రేస్ మోకాలిని పక్కకు ఒరగనివ్వదు, వంగడాన్ని ఆపదు. డాక్టర్ పెట్టిన డిగ్రీల లోపల వంచుతూ ఉండండి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. బాసింపట్టు వేస్తే మోకాలు బాగా వంగి మెలిపడుతుంది కాబట్టి దెబ్బ తగిలిన చోట నొక్కినా నొప్పి లేకుండా పోయేదాకా ఆగండి. అప్పటిదాకా కమోడే వాడండి.

ప్రశ్న: ఆపరేషనై పది రోజులు. మోకాలు పర్వాలేదు కానీ పిక్క గట్టిపడి నొప్పిగా ఉంది. ఐస్ పెట్టనా? (గుంటూరు పాఠకుడు)

ఐస్ కాదు, ఈ రోజే ఆస్పత్రికి. పిక్క సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, డాప్లర్ (రక్తం పారడాన్ని చూసే స్కాన్) పరీక్ష చేస్తారు. పిక్క నొక్కొద్దు, పిసకొద్దు. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే ఎమర్జెన్సీకే వెళ్లండి.

ప్రశ్న: ఏసీఎల్ ఆపరేషనై ఆరు నెలలు. నొప్పి లేదు, వాపు లేదు. షటిల్ ఆడొచ్చా? సర్జన్ తొమ్మిది నెలలంటున్నారు. (హైదరాబాద్ పాఠకుడు)

నొప్పి లేకపోవడం గ్రాఫ్ట్ గురించి ఏమీ చెప్పదు. పెట్టిన స్నాయువు మొదట కొంత చచ్చుబడి, కొత్త రక్తనాళాలు వచ్చాక మెల్లగా లిగమెంట్‌లా మారుతుంది. ఈ మార్పు ఆరు నెలలతో అయిపోదు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆటను వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదానికి గురైన క్రికెటర్ రిషభ్ పంత్ మైదానంలోకి దిగింది 2024 మార్చిలో. ఆయనవి మరీ పెద్ద గాయాలనుకోండి.

తొమ్మిది నెలలు నిండగానే తలుపు తెరుచుకోదు. తొడ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతుల దూరమూ అంతే. ఇంట్లో చూసుకోవాలంటే మామూలు కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని ఒక్క కాలి మీద లేచి కూర్చోండి. ఆగకుండా ఎన్నిసార్లు చేయగలరో రెండు కాళ్లకూ లెక్కపెట్టండి. మంచి కాలు 20 చేసి ఇది 12 దగ్గర వణికితే రాకెట్ ఇంకా సంచిలోనే ఉంచండి. లేచేటప్పుడు మోకాలు లోపలికి ఒరుగుతోందేమో ఫోన్‌లో వీడియో తీసుకుని చూడండి. ఒరిగితే అంకె ఎంతొచ్చినా ఫెయిలే.