ఫిషింగ్ హార్బర్ దాకా ప్రభుత్వ సొమ్ముతో రైలు వేస్తే గిట్టుబాటవుతుందా?

చేపల రవాణా మీద వచ్చే కిరాయితోనే గిట్టాలంటే కష్టం. అలాగని వేయడమే దండగంటే ఒప్పుకోను.

మాది కాకినాడ. మావయ్యది చేపల వ్యాపారం. ఊళ్లో పోర్టు పేరుతోనే ఒక రైల్వే స్టేషన్ ఉంది. కానీ హౌరా వైపు పోయే మెయిన్ లైను రైళ్లు అందుకోవాలంటే సరుకు సామర్లకోట చేరాలి. ఒకసారి దారిలో ఆటో పంచరైంది. ఏడు థర్మాకోల్ పెట్టెల వంజరాలు, ఎర్రటి ఎండ. ఒక పెట్టె మూల చిట్లి ఐసునీళ్లు కారుతుంటే, స్టెప్నీ బిగించేదాకా మావయ్య అక్కడ బొటనవేలు అదిమి పట్టుకుని కూర్చున్నాడు. మేం వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది. సరుకు సాయంత్రం సగం ధరకు ఊళ్లోనే పోయింది.

తర్వాత గ్లాస్గోలో చదువుకునేటప్పుడు, స్కాట్లాండ్ పడమటి తీరంలో మాలేగ్ అనే రేవుకి రైల్లో వెళ్లాను. ఐదు గంటల పైనే ప్రయాణం. ఆ లైను వేసిందే ముఖ్యంగా చేపల కోసం. ఆ కొండల్లో లాభం రాదని రైల్వే కంపెనీ వెనకాడితే, 1896లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి 2,60,000 పౌండ్ల పెట్టుబడి మీద 3 శాతం రాబడికి హామీ ఇచ్చింది. రేవు కట్టడానికి మరో 30,000 పౌండ్లు. ప్రైవేటు కంపెనీకి ప్రజల డబ్బేంటని పార్లమెంటులో పెద్ద గొడవే అయింది. 1901 ఏప్రిల్ 1న లైను మొదలైంది.

నేను దిగేసరికి రైలు నిండా కెమెరాల టూరిస్టులు. రేవులో రొయ్యల పెట్టెలేమో లారీ ఎక్కుతున్నాయి! చేపలు ఎప్పుడో రోడ్డు పట్టాయి. కానీ తిరుగు రైల్లో స్కూలు బ్యాగులతో పిల్లలు ఎక్కారు, సంచులతో ముసలమ్మలు ఎక్కారు. ఆ డబ్బు వృథా అయిందని నాకైతే అనిపించలేదు.

అందుకే, కొత్త లైను అడిగితే జనం పేరు మీదే అడగండి. చేపల కోసమే అయితే ముందు ఉన్న స్టేషన్లో కోల్డ్ రూమ్, చల్లటి పార్సిల్ బోగీ, పెట్టెలు ఎక్కించేంత సేపు రైలు ఆగడం కావాలి. కేంద్రం 2018లో 7,522 కోట్లతో మత్స్య మౌలిక సదుపాయాల నిధి పెట్టి, హార్బర్లకు, ఐసు ప్లాంట్లకు, కోల్డ్ స్టోరేజీలకు తక్కువ వడ్డీకి అప్పు దొరికే ఏర్పాటు చేసింది. ఆ ఐసు రైలు దాకా చేరాలి కదా. మావయ్య మాత్రం ఇప్పుడు లారీలోనే పంపుతున్నాడు.