ఉప్పాడ సినిమా తియ్యబోయే అమ్మాయికి

అమ్మాయీ,

నీ డాక్యుమెంటరీ ప్రపోజలు చదివాను. తొమ్మిది పేజీలు వాతావరణ మార్పు, తీరం కోత, ఇసుక నింపిన జియోట్యూబు సంచుల గోడ ఎందుకు నిలవలేదన్న పంచాయితీ. పదో పేజీ అడుగున ఒకావిడ కనబడింది. తుపాను కబురు రాగానే తలుపు రెక్కలు విప్పి, నెత్తిన పెట్టుకుని అక్కగారింటికి మోసుకెళ్తుందట. రెండు వాక్యాలు రాసి వదిలేశావు. ఒళ్లు మండింది. ఆవిణ్ణి అక్కడ దాచి, నాచేత ఆ లెక్కలన్నీ ఎందుకు చదివించావు?

ఇదే కాగితం బీబీసీవాళ్ల డాక్యుమెంటరీ కార్యక్రమం స్టోరీవిల్‌కీ, ఫ్రెంచి-జర్మన్ ఛానెల్ ఆర్టేకీ, నేషనల్ జియోగ్రఫిక్‌కీ పంపుతానన్నావు. ముగ్గురి అభిరుచీ ఒకటి కాదు. టీవీలో గంట స్లాటంటే చాలాచోట్ల 52 నిమిషాల సినిమాయే. ఎవరి స్లాటులో ఏం వేస్తున్నారో ముందు కూర్చుని చూడు.

నువ్వు రాసిందంతా అయిపోయిన సంగతి. అది వార్తలవాళ్లు ఎప్పుడో చూపించేశారు. ఛానెల్ తరఫున సినిమాలు ఎంచే కమిషనింగ్ ఎడిటరు డబ్బు పెట్టేది ఇంకా జరగనిదానికి. వచ్చే కార్తీకానికి ఆవిడ తలుపులు తిరిగి బిగించడానికి గోడ ఉంటుందా? ఊరవతల స్థలం చూద్దామని కొడుకంటే వింటుందా? ఆ గొడవ నీ కెమెరా ముందు పడనిస్తుందా? వీటికి నీ దగ్గర జవాబు ఉండక్కర్లేదు. ఏడాదో రెండేళ్లో ఆ ఇంట్లో కూర్చోనిస్తారన్న మాట మాత్రం ఉండాలి, అదీ మొదటి పేజీలోనే.

నా చేనేత సినిమాకి ఒక విదేశీ ఎడిటరు అడిగాడు, మీ నేతగాడు ఏడుస్తాడా అని. ఏడవడండీ, అప్పులవాడి మీద జోకులేస్తాడన్నాను. ఫోను చూసుకున్నాడు. ఇంకో మహానుభావుడు గుంటమగ్గం పక్కన ఇంగ్లీషు ప్రెజెంటర్ని నిలబెట్టమన్నాడు! కాళ్లు గుంటలో, చెవి వీధిలో పెట్టి, అప్పులవాడి మోటారుసైకిలు వినబడగానే నాడె ఆపేసే మనిషిని ట్రైలర్లో చూపించాకే నాతో ఎవరైనా డబ్బు మాటెత్తారు. అదీ కొంత వాటాయే. మొత్తం ఖర్చు ఒక్క ఛానెలే భరించడం అరుదు. సినిమా పూర్తవకముందే హక్కుల అమ్మకం, సహనిర్మాణం, ఫండ్లు, అన్నీ అతకాలి.

ఆమ్‌స్టర్‌డామ్ డాక్యుమెంటరీ ఉత్సవం ఇడ్ఫాలో, సినిమాకి డబ్బు అడిగే ఫోరం వేదిక మీద కొద్ది నిమిషాలే నువ్వు చెప్పాలి, తర్వాత ఎడిటర్లు అడుగుతారు. ట్రైలరు కూడా నీ నిమిషాల్లోదే. అంతదూరం పరిగెత్తకముందు కోల్‌కతాలో 2004లో మొదలైన ఇలాంటి వేదిక డాకెడ్జ్‌కి వెళ్లు. అక్కడికీ బయటి ఎడిటర్లు వస్తారు.

ఇప్పుడు ప్రతివాడి టీజరూ డ్రోనుతోనే మొదలవుతోంది, నీదీ అంతే. ఆకాశంలోంచి చూస్తే ఉప్పాడేమిటి, ఇంకో ఊరేమిటి? బడ్జెట్లో దానికి నాలుగు రోజుల అద్దె రాసి, సౌండ్ రికార్డిస్టుకి పైసా పెట్టలేదు. అలల హోరులో తల్లీకొడుకుల మాట వినబడాలంటే ఆ మనిషి కావాలి. డ్రోను కొట్టేసి ఆ డబ్బు అటు వెయ్యి. మార్చిన బడ్జెట్ పంపితే చూస్తాను.