రెండో సీజన్‌కే అన్ని కప్పులూ వచ్చేస్తుంటే

ఫుట్‌బాల్ మేనేజర్‌లో (జట్టుని మనమే నడిపే కంప్యూటర్ గేమ్) రెండు సీజన్లకే అన్నీ గెలిచేస్తున్నాను, ఆడబుద్ధి కావట్లేదు, ఏం రూల్స్ పెట్టుకుంటే మళ్లీ కష్టంగా ఉంటుంది అని అడిగారు. నాదీ ఒకప్పుడు ఇదే పరిస్థితి.

ముందుగా ఒకటి. ఓడిపోయినప్పుడు పాత సేవ్ లోడ్ చేయడం మానేయాలి. అది మానకుండా ఎన్ని రూల్స్ పెట్టుకున్నా దండగే.

ఆ తర్వాత, అసలు మీరు దేనివల్ల గెలుస్తున్నారో చూసుకోండి. నేను గెలిచింది ట్యాక్టిక్స్ వల్ల కాదు, షాపింగ్ వల్ల. ప్రతి ఆటగాడికీ ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 20 దాకా మార్కులు ఉంటాయి కదా. సంతలో పళ్లు చూసి ఎద్దుని బేరమాడినట్టు, ఆ అంకెలు చూసి ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లని చవగ్గా కొనేసేవాణ్ణి. అందుకే మూయాల్సింది ఆ తలుపే అనిపించింది.

దీనికి నిజ జీవితంలోనే నమూనా ఉంది. స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో క్లబ్ వందేళ్లకు పైగా బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లని, లేదంటే అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నవాళ్లని మాత్రమే తీసుకుంటోంది. అయినా అక్కడి టాప్ డివిజన్ లా లిగా నుంచి ఒక్కసారి కూడా కిందికి పడలేదు. 2024లో, 40 ఏళ్ల తర్వాత, స్పెయిన్ నాకౌట్ కప్పు కోపా డెల్ రే కూడా గెలిచింది. గేమ్‌లో ఆ క్లబ్‌ని ఎంచుకుంటే ఈ కట్టుబాటూ దాంతోపాటే వస్తుంది. కాకపోతే జట్టు ముందే బాగుంటుంది, డబ్బులకీ లోటుండదు. నాకు పెద్ద కష్టమనిపించలేదు.

అందుకని అదే రూల్‌ని ఇంగ్లండ్ ఆరో డివిజన్‌కి పట్టుకెళ్లాను. క్లబ్ డార్లింగ్టన్. ఈశాన్య ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లనే తీసుకోవాలి, అంతే. దాంతో అక్కడి పెద్ద క్లబ్బులు న్యూకాజిల్, సండర్లాండ్, మిడిల్స్‌బ్రో వదిలేసిన కుర్రాళ్లే నాకు దిక్కు. జూన్ 30న కాంట్రాక్టులు ముగిసే రోజు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాణ్ణి.

రెండో సీజన్ ఫిబ్రవరిలో నా గోల్‌కీపర్ మోకాలు పోయింది. మిగిలింది పదిహేడేళ్ల అకాడమీ కుర్రాడు. లోన్ మీద, అంటే వేరే క్లబ్ నుంచి కొన్నాళ్లకి అరువుగా, మంచి కీపర్ దొరికాడు గానీ, పుట్టింది లీడ్స్‌లో. 'లోన్ అంటే కొనడం కాదుగా' అని నాకు నేనే లాయర్‌నై వాదించుకుని తెచ్చేసుకున్నాను. మూడు మ్యాచ్‌లు, ఒక్క గోల్ పడలేదు. నాకు మాత్రం పరీక్షలో చీటీ పెట్టి రాసినట్టే ఉంది. నాలుగో మ్యాచ్‌కి అతన్ని పక్కన కూర్చోబెట్టి కుర్రాణ్ణి దింపాను. 4-1తో ఓడాం. మౌస్ లోడ్ బటన్ మీదే చాలాసేపు ఆగింది. నొక్కలేదు. ఆ ఏడాది ఒక్క పాయింట్ తేడాతో, పై డివిజన్‌కి వెళ్లే అవకాశమిచ్చే ప్లేఆఫ్ పోయింది.

ఆ కుర్రాడు తర్వాత హీరో ఏమీ కాలేదు. అయినా నాలుగు సీజన్లు వాణ్ణే ఆడించాను, వాడి పేరు ఇప్పటికీ గుర్తుంది. అంతకుముందు కప్పులు గెలిచిన జట్లలో ఒక్కడి పేరు అడిగినా చెప్పలేను.

కాబట్టి రూల్‌ని కాగితం మీద రాసుకోండి. లోన్ల సంగతేంటి, ఉచితంగా వచ్చేవాళ్ల సంగతేంటి, కోచ్‌లకీ వర్తిస్తుందా, ఇవన్నీ మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. సీజన్ మధ్యలో మన బుర్ర మన మాట వినదు. కొత్త సేవ్ మొదలుపెట్టేటప్పుడు గేమ్‌లోని అంకెల్ని మార్చేసే ఎడిటర్ వాడకుండా అడ్డుకునే ఆప్షన్ టిక్ చేయండి. తెలియని ఆటగాళ్ల మార్కులు దాచే ఏర్పాటుని ఆపేయకండి, ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌట్‌లకి కాస్త పని ఉంటుంది. ఏటా బెస్ట్ ప్లేయర్‌ని అమ్మేయాలన్న రూల్ కూడా పెట్టి చూశాను. అది కష్టం కాదు, చిరాకు. నెలలోపే వదిలేశాను.

ఇప్పుడు తొమ్మిదో సీజన్, నాలుగో డివిజన్‌లో ఉన్నాను. స్ట్రైకర్ కోసం వెతుకుతున్నా. ఇంగ్లండ్ మేటి స్ట్రైకర్ అలన్ షియరర్ పుట్టిన న్యూకాజిల్ చుట్టూ జల్లెడ పట్టినా పనికొచ్చేవాడు ఒక్కడూ దొరకట్లేదు!