బియర్డెడ్ డ్రాగన్‌కి 9 రోజులుగా విరేచనం లేదు.. ఆముదం పట్టొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు పుట్టినరోజుకని బియర్డెడ్ డ్రాగన్‌ని (ఇళ్లలో పెంచుకునే ఓ రకం పెద్ద బల్లి) కొన్నాం. దానికిప్పుడు 10 నెలలు. 9 రోజులుగా దొడ్డికి వెళ్లలేదు. మీల్‌వార్మ్స్ (మేతగా వేసే పురుగులు), పాలకూర, తోటకూర పెడుతున్నాం. ట్యాంకులో ఇసుక వేశాం, తెగ తవ్వుతోంది. ఎండ తగులుతుందని కిటికీ పక్కనే ఉంచాం. రెండు రోజులుగా సరిగా తినట్లేదు, వెనక కాళ్లు కూడా కాస్త ఈడుస్తోంది. మా అత్తయ్యగారు ఆముదం పట్టమంటున్నారు. ఎన్ని చుక్కలు వేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ఒక్క చుక్క కూడా వద్దమ్మా. ఎందుకో కింద చెప్తాను.

మీరు అడిగింది ఆముదం గురించి. నేను ఆగింది మాత్రం ‘వెనక కాళ్లు ఈడుస్తోంది’ అన్న దగ్గర. ఎదిగే వయసులో ఉన్నదానికి 9 రోజులు విరేచనం లేకపోవడమే ఎక్కువ. దానికి తిండి మానేయడం, కాళ్లలో బలం తగ్గడం తోడైతే అది ఇంట్లో చూసుకునే కేసు కాదు. ఈరోజే, కుదరకపోతే రేపు పొద్దున్నే, సరీసృపాలను చూసే వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. జంతువును చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఫలానా జబ్బేనని చెప్పలేను. నా అనుమానాలు మాత్రం చెప్తాను.

మొదటి అనుమానం కాల్షియం లోపం. కిటికీ అద్దంలోంచి వెలుతురు వస్తుంది, వేడి వస్తుంది, ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు మాత్రం దాదాపు రావు. ఆ కిరణాలు ఒంటి మీద పడితేనే ఇవి విటమిన్ డి3 తయారుచేసుకుంటాయి. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. మీ ఉత్తరంలో యూవీబీ లైటు ఊసే లేదు. పైగా పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు అనే పదార్థాలు ఎక్కువ, ఉన్న కాస్త కాల్షియాన్నీ అవి పట్టేసుకుంటాయి. మనకి మంచి ఆకుకూరలే, దీనికి రోజూ పెట్టేవి కావు. మీల్‌వార్మ్స్‌లోనేమో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ, పైపెంకు గట్టి. కాల్షియం పడిపోతే ఎముకలే కాదు, కండరాలూ నీరసిస్తాయి. పేగు గోడల్లో ఉన్నదీ కండరమేగా, అదీ మందగిస్తుంది. దవడ వాచినట్టుందా, కాలివేళ్లు అదురుతున్నాయా, వెన్ను వంకర తిరిగిందా గమనించండి. నొక్కి మాత్రం చూడకండి, ఎముకలు పెళుసుబారి ఉంటే విరుగుతాయి.

రెండోది ఇసుక. పురుగుల కోసం నాలుక చాచినప్పుడల్లా కొంత లోపలికి పోయి పేగులో పేరుకోవచ్చు. మూడోది మీరు ఊహించి ఉండరు. అది ఆడదైతే, మగ తోడు లేకపోయినా ఈ వయసులో గుడ్లు కట్టొచ్చు. తెగ తవ్వడం అందుకేనేమో. ఆడో మగో మీరు రాయలేదు. ఒక్క ఎక్స్‌రే తీస్తే ఇసుక, గుడ్లు, ఎముకల పరిస్థితి చాలావరకు తెలుస్తాయి.

ఇక ఆముదం. పసిపిల్లలకే పట్టొద్దని డాక్టర్లు మొత్తుకుంటున్న రోజులివి, అర కిలో కూడా ఉండని ప్రాణికి ఎలా పడతారు? వీటి గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. మనకున్నట్టు డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కిందుండే కండరపు పొర) లేదు, గట్టిగా దగ్గి బయటికి నెట్టలేవు. నూనె అటు జారిందంటే ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెస్తుంది. సరే, జాగ్రత్తగా పట్టారనే అనుకుందాం. ఆముదం పేగును బలవంతంగా పిండుతుంది. ముందు దారి మూసుకుని ఉంటే ఆ ఒత్తిడికి పేగు చివర బయటికి జారొచ్చు, చిరగనూ వచ్చు. ఇంటర్నెట్‌లో చెప్పే ఆలివ్ ఆయిల్‌కీ, మనుషులకు విరేచనం అవ్వడానికి వాడే సిరప్‌లకీ ఇదే మాట. నేను చూసే కేసుల్లో జబ్బు కంటే ఈ సొంత వైద్యమే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇవాళ నూనె, రేపు ఇంకో చిట్కా, ఎల్లుండి ఎవరో చెప్పిన మందు, ఈలోపు వారం గడిచిపోతుంది. సరీసృపాలు జబ్బును బయటికి చూపించవు, చూపించేసరికే ఆలస్యమై ఉంటుంది. మీరు 9 రోజులు ఆగారు. ఇంక ఆగకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు చేయగలిగింది గోరువెచ్చటి నీళ్ల స్నానం. నీళ్లు 85–90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, భుజాలు దాటి మునగకూడదు, 15 నిమిషాలు చాలు. కాళ్లలో బలం లేదు కాబట్టి మీ చెయ్యి దాని కిందే ఉంచండి, బాబుకి అప్పగించి ఫోన్ ఎత్తడానికి వెళ్లకండి. పొట్ట రుద్దొద్దు. పెంపకంలో పెద్దగా తేడా లేని ఆరోగ్యమైన దానికైతే ఇదే స్నానం, కొంచెం చక్కెర కలపని గుమ్మడి గుజ్జు సరిపోతాయి. మీ కేసు అది కాదు. నోరు తెరిచి బలవంతంగా ఏదీ పెట్టకండి.

స్నానానికి వంటింటి సింక్ వాడకండి, తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. వీటి నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వస్తుంది. ఇంట్లో 5 ఏళ్ల లోపు పిల్లలుంటే అసలు ముట్టుకోనివ్వకండి.

ఇసుక ఈరోజే తీసేసి పేపర్ టవల్స్ పరచండి. అది వెచ్చగా పడుకునే చోట వేడి 100–105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందో లేదో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి, అద్దానికి అంటించే చౌకరకం మీటర్లను నమ్మొద్దు. బయటి వేడి చాలకపోతే వీటికి తిన్నది అరగదు. యూవీబీ ట్యూబ్, కాల్షియం పొడి తప్పనిసరి, ఏది ఎంతన్నది పరీక్షలయ్యాక మీ డాక్టర్ చెప్తారు. కాల్షియం కూడా సొంతంగా మోతాదు మించి వేయకండి.

మలద్వారం నుంచి ఎర్రగా ఏదైనా బయటికొచ్చినా, రక్తం కనిపించినా, కాళ్లు పూర్తిగా పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. బయటికొచ్చినదాన్ని లోపలికి తోయొద్దు, శుభ్రమైన నీళ్లతో తడిపిన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

అక్కడ కుక్కలు, పిల్లులను మాత్రమే చూసే క్లినిక్‌లు చాలా ఉంటాయి, ఫోన్ చేసి రెప్టైల్స్ చూస్తారా అని అడిగాకే బయల్దేరండి. ట్యాంకు, లైట్ల ఫోటోలు, కాల్షియం పొడి ఏదైనా వాడుతుంటే ఆ డబ్బా పట్టుకెళ్లండి. కారులో ఏసీ గాలి నేరుగా దాని మీద పడనివ్వకండి.