ఆ గదిలోకి నువ్వెలా వెళ్లావు?

అమ్మాయ్,

నీ కథ అందింది. కథ అని నువ్వన్నావు గానీ, అందులో పేర్లు అసలువే, తేదీలు అసలువే. ఢిల్లీ పక్కన నోయిడా, జలవాయు విహార్, 2008 మే 15 రాత్రి, తల్వార్ల ఫ్లాట్. వాళ్ల పిల్ల ఆరుషీ, ఇంట్లో పనిచేసే హేమరాజూ హత్యకు గురైన కేసు. మూడో పేజీ దాకా బాగానే చదివాను. అక్కడ ఆరుషి గది తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయావు. తండ్రి చేతికి గోల్ఫ్ కర్ర ఇచ్చావు. ఆయన కణత దగ్గర నరం కొట్టుకుంటోందని కూడా రాశావు. ఆ నరం నీకెక్కడ కనిపించిందమ్మా?

కాగితాలు పక్కన పడేసి టీ పెట్టుకున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. పూర్తిగా తగ్గలేదు, అయినా రాస్తున్నాను.

పొద్దున్నే ఆ తల్లి హేమరాజ్ మొబైల్‌కి ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి కట్ చేశారు చూడు, ఆ నాలుగు వాక్యాలు బాగున్నాయి. వాటిలో నువ్వు సొంతంగా ఏమీ కలపలేదు.

నా పాట ఒకటే. వినీ వినీ మా ఇంట్లో వాళ్లకు విసుగొచ్చింది, ఇప్పుడు నీ వంతు. ఎవరూ చూడని రాత్రి జోలికి పోవద్దు. హత్య ఒక్క రాత్రిలో అయిపోతుంది. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, అదీ పట్టపగలు, పదిమంది ముందు. రాసేవాడికి కావలసిందంతా ఆ పగళ్లలోనే ఉంటుంది.

ఈ కేసులో మే 16 చూడు. పిల్ల శవం గదిలో ఉంది, పనిమనిషి హేమరాజ్ కనిపించడం లేదు. ఇంకేముంది, చంపి పారిపోయాడన్నారు. ఆచూకీ చెబితే ఇరవై వేల బహుమానం అన్నారు. మేడ మీది తలుపుకు తాళం ఉంటే దాన్ని పగలగొట్టిన పోలీసు లేడు. మర్నాడు తెరిస్తే హేమరాజ్ అక్కడే, చచ్చి పడి ఉన్నాడు. శవమై ఎండలో పడి ఉన్న మనిషి ఒక రోజంతా హంతకుడుగా బతికాడు. ఇంత కథ చేతిలో పెట్టుకుని నువ్వతనికి రెండు వాక్యాలు ఇచ్చావు. ఒకదాంట్లో 'నేపాలీ నౌకరు' అన్నావు.

మే 23న తండ్రిని అరెస్టు చేసినప్పుడు ఒక పెద్ద పోలీసు అధికారి ప్రెస్‌మీట్ పెట్టి ఆ పిల్ల నడవడి గురించి ఏవేవో చెప్పాడు. పద్నాలుగో పుట్టినరోజుకు వారం ముందు చనిపోయిన పిల్ల. ఆమె పేరు కూడా ఆయనకు సరిగా నోరు తిరగలేదు. ఆ మాటల్నే నువ్వు రెండో పేజీలో మంచి తెలుగులో తిరగరాశావు. వెన్నెల కూడా పెట్టావు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంట్లో నలుగురున్నారు, ఇద్దరు చనిపోయారు, బయటివాళ్లు వచ్చే దారి లేదు, కాబట్టి మిగిలిన ఇద్దరే జవాబు చెప్పాలి. 2013 నవంబరులో ఘజియాబాద్ సీబీఐ కోర్టు ఆ తల్లిదండ్రులకు యావజ్జీవం వేయడానికి సాక్ష్యాల చట్టం 106వ సెక్షనుతో, అంటే ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన సంగతిని వాళ్లే రుజువు చేయాలనే సెక్షనుతో, కట్టిన వాదన ఇది. అంటే కేసంతా ఒక తలుపు మీద నిలబడింది. పొద్దున ఆరు గంటలప్పుడు పాచిపనికి వచ్చిన ఆవిడ కోర్టులో ఏం చెప్పింది? బయటి ఇనప గేటు చేత్తో తోశాను, తెరుచుకోలేదంది. ముందు ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో ఆ తోయడం లేదు. పైగా, నాకెలా చెప్పారో అలాగే ఇక్కడ చెబుతున్నాను అని ఆవిడే జడ్జి ముందు అనేసింది. ఆ పేదరాలిని తలుచుకో. ఎవరో నేర్పారు, నేర్చుకుంది, నేర్చుకున్నానని కూడా దాచుకోలేదు. ఏ రచయిత కల్పించగలడు ఆ మాట? నీ కథలో ఆవిడ అసలు లేదు.

నేను కోస్తాలో ఒక పేపరుకు లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైనుకింతని డబ్బు తీసుకునే విలేకరిగా, పనిచేసే రోజుల్లో సెషన్స్ కోర్టు బెంచీలే నా బడి. తండ్రిని చంపాడని పెద్దకొడుకు మీద కేసు. తల్లే సాక్షి. బోనెక్కి, పీపీ (ప్రభుత్వ వకీలు) అడిగేది వినకుండా ముద్దాయి వైపు చూసి, "వాడు అన్నం తిన్నాడా బాబూ?" అని జడ్జిగారిని అడిగింది. అది డిపోజిషన్‌లోకి, అంటే కోర్టు రాసుకునే వాంగ్మూలంలోకి, ఎక్కలేదు. నా వార్తలో రాశాను. డెస్కులో ఉన్న మహానుభావుడు ఆ లైను కొట్టేసి, 'కన్నకొడుకే కాలయముడు' అని హెడ్డింగు పెట్టాడు. తర్వాత కేసు కొట్టేశారు. అది లోపలి పేజీలో, సంతాప ప్రకటనల కింద, అంగుళం మేర వేశారు. ఆయన ఇప్పుడు జర్నలిజం విలువల మీద ఉపన్యాసాలిస్తున్నాడని విన్నాను, సంతోషం. ఇప్పుడా పని వెబ్ సిరీస్‌లు చేస్తున్నాయి, కాకపోతే వెనకాల వయొలిన్ కూడా ఉంటుంది.

2017 అక్టోబర్ 12న అలహాబాద్ హైకోర్టు తల్వార్లిద్దరినీ నిర్దోషులుగా వదిలేసింది. బయటివాళ్లు రావడం అసాధ్యమని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ఇద్దరు జడ్జిల్లో ఒకరు విడిగా రాసిన తీర్పు నువ్వు చదివి తీరాలి. కింది కోర్టు జడ్జి, కొన్ని అంకెలు ముందే ఖాయం చేసుకుని లెక్క చేసే లెక్కల మాస్టారులా నడుచుకున్నాడట. చెల్లాచెదురుగా ఉన్న సంగతుల్ని సినిమా డైరెక్టర్‌లా అతికించాడట. జడ్జినే అంత మాటన్నాక నిన్ను నేనేమనను? 2018లో సీబీఐ సుప్రీంకోర్టుకు వెళ్లింది. నువ్వు మాత్రం హైకోర్టు వదిలేసిన మనిషిని పేరు పెట్టి మరీ మళ్లీ హంతకుణ్ణి చేశావు. అచ్చువేస్తే నోటీసు నీకూ వస్తుంది, వేసిన పాపానికి సంపాదకుడికీ వస్తుంది. ఆయనకు రావడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు.

ఇంకోటి. నువ్వుండేది హైదరాబాద్. ఈ కేసులో డీఎన్‌ఏ పరీక్షలు చేసినవాటిలో మీ ఊళ్లోని ప్రభుత్వ డీఎన్‌ఏ ల్యాబ్ సీడీఎఫ్‌డీ ఒకటి. అనుమానంతో పట్టుకుని తర్వాత వదిలేసిన ఒక పనివాడి గదిలో దొరికిన దిండు గలీబు మీద హేమరాజ్ డీఎన్‌ఏ ఉందని 2008లో రిపోర్టు వచ్చింది. 2011లో సీబీఐ అడిగితే, అది టైపింగ్ పొరపాటు, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయని ల్యాబ్ జవాబిచ్చింది. రెండు గలీబులు, ఒక టైపు పొరపాటు, మధ్యలో దాదాపు రెండున్నరేళ్లు. కోర్టుల్లో దాని మీద ఎంత వాదన నడిచిందో! నీ ఇంటికి బస్సు దూరంలో పుట్టిన కథ వదిలేసి, చూడని నోయిడా పడగ్గదిలో దూరావు.

పుస్తకంగా వేసుకోవాలా, పత్రికకు పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. హైకోర్టు తీర్పు నెట్‌లో దొరుకుతుంది, చాలా పెద్దది, ప్రింటు తీయించుకో. పాచిపని ఆవిడ సాక్ష్యం మీద చర్చించిన భాగం వెతికి, దాన్ని పట్టుకుని నాలుగు పేజీలు రాసి పంపు. అందులో రాత్రి రాకూడదు. ఇంగ్లీషు ఎక్కడైనా కొరుకుడు పడకపోతే ఫోన్ చెయ్యి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు మాత్రం వద్దు, మీ పిన్ని సీరియల్స్ చూస్తూ ఫోన్ నన్ను ఎత్తనివ్వదు.