తోట ఉన్న ఇంట్లో బస చేయబోయే మేనకోడలికి

పొదలకూరు

చిరంజీవి సౌభాగ్యవతియైన మేనకోడలికి మీ మామయ్య ఆశీస్సులు.

కర్ణాటకలో కాఫీ తోటల సీమైన కొడగులో (కూర్గ్) తోట ఉన్న ఇంట్లో నాలుగు రోజులు ఉండాలని అనుకుంటున్నారని మీ అత్త చెప్పింది. అటువంటి ఇళ్లలో మూడు నాలుగు సార్లు బస చేసినవాడిగా, పైగా నిమ్మచెట్ల మధ్యనే ఇన్నేళ్లూ బతికినవాడిగా నాకు తోచినది రాస్తున్నాను.

ఇంటివారు అక్కడే కాపురం ఉంటున్నారో లేదో ముందుగా కనుక్కో. బసతో పాటు పొద్దుటి ఫలహారం పెట్టే బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లకు గుర్తింపు ఇచ్చేటప్పుడు కేంద్ర పర్యాటక శాఖ యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలనీ, అద్దెకిచ్చే గదులు 6కు మించరాదనీ నియమం పెట్టింది. అతిథులకోసం పెట్టిన ఆ నియమం వల్ల తోటకూ మేలే జరుగుతుంది. ఇంటివారే ఉంటే తోటను స్వయంగా చూసుకుంటారు. ఒకసారి ఫొటోలు చూసి మోసపోయాను. బంతిపూల వరుసలు కళ్లు చెదిరేలా ఉన్నాయి గానీ, వంగి మట్టి కదిపి చూస్తే మొక్కలన్నీ నర్సరీ నల్ల కవర్లతో సహా పాతిపెట్టి ఉన్నాయి. వాడిపోగానే పీకి కొత్తవి పెడతారట. అందుచేత ఫోన్ చేసినప్పుడు గీజరు సంగతితో పాటు, ఇప్పుడు పెరట్లో ఏం పూస్తున్నాయని కూడా అడుగు. స్వయంగా పెంచేవారైతే నీవు ఫోన్ పెట్టేయడం కష్టమవుతుంది.

పిల్లల వేసవి సెలవుల దాకా ఆగితే కాఫీ పూత దాటిపోతుంది. ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య ఒక మంచి వాన పడిన తరువాత సుమారు వారం పది రోజులకు తోటంతా ఒక్కసారిగా తెల్లబడి, మన మల్లెలను తలపించే వాసనతో మూడు నాలుగు రోజులు మాత్రమే నిలుస్తుంది కాబట్టి, తేదీలు బిగించుకోకుండా ఇంటివారినే వాన కబురు అడుగుతూ ఉండు. జూన్ తరువాత జలగలు పడతాయి. ఆ రోజుల్లో పిల్లలతో వద్దు.

పొద్దుటి ఫలహారంలో బియ్యపు రొట్టె, కడంబుట్టు (బియ్యపు రవ్వతో ఆవిరి మీద ఉడికించే ఉండలు) పెడతారు. పంది కూర అక్కడివారికి ఇష్టమైన వంట గనుక, మీరు తినరని ముందురోజే మర్యాదగా చెప్పండి.

పిల్లలను కాఫీ కొమ్మలు దూయనివ్వకు. నిమ్మపూత రాలితే నా ప్రాణం ఎలా విలవిలలాడుతుందో నీవు చిన్నప్పటినుంచి చూసినదానివే.

బయలుదేరేముందు ఇటు వచ్చి ఒక సంచి నిమ్మకాయలు పట్టుకెళ్లు. ఆ ఇంటావిడకు ఇస్తే, తిరిగి వచ్చేటప్పుడు గుప్పెడు మిరియాలైనా చేతిలో పెట్టకమానదు.

మీ మామయ్య