డ్రైయర్‌లో సెన్సర్లు బిగించే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ కాశీబుగ్గ జీడిపప్పు డ్రైయర్‌లో కింది ట్రే పప్పు మాడుతుంటే పై ట్రేలో ఇంకా చెమ్మ ఉంటోందనీ, ఐదు చోట్ల వేడి కొలిచే ఏర్పాటు సొంతంగా చేసుకుంటాననీ రాశావు. చాలా సంతోషం కలిగింది. పప్పు ఆరేది సుమారు 70 డిగ్రీల దగ్గర. వేడి చాలకపోతే పొట్టు సరిగ్గా ఊడదు, ఎక్కువైతే రంగు మారి ధర పడిపోతుంది. కాబట్టి ప్రోగ్రామ్ సంగతి తరవాత చూడవచ్చు. పరీక్షించని సెన్సర్ చూపే అంకెను మాత్రం నమ్మకు.

నువ్వు అడిగిన డీఎస్18బీ20, ఎల్ఎం35 అనే రెండు రకాల వేడి సెన్సర్లలో డీఎస్18బీ20నే తీసుకో. ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులే ఇస్తుంది. పొడవాటి తీగ వేసి, పక్కన బ్లోయర్ మోటారు తిరుగుతుంటే ఆ కాస్త వోల్టేజీ చెదిరిపోతుంది. డీఎస్18బీ20 వేడిని లోపలే అంకెగా మార్చి పంపుతుంది. 125 డిగ్రీల వరకు పనిచేస్తుంది, 85 వరకు అర డిగ్రీకి మించి తేడా రాదు. స్టీలు గొట్టంలో బిగించినవి దొరుకుతాయి. కొనేటప్పుడు తీగ తొడుగు కూడా చూడు. మామూలు పీవీసీ అంత వేడిలో ఎక్కువ కాలం మన్నదు, సిలికాన్ తొడుగు ఉన్నది అడుగు.

దానికి మూడు తీగలుంటాయి. సాధారణంగా ఎరుపు కరెంటుకు, నలుపు గ్రౌండుకు, పసుపు సమాచారానికి. అయినా రంగుల మీద భారం వేయకుండా అమ్మినవాళ్లిచ్చిన కాగితం చూసుకో. కరెంటు, గ్రౌండు తారుమారైతే సెన్సర్ క్షణాల్లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. మొదటిసారి సెన్సర్లను చదివే బోర్డుకు కరెంటు ఇచ్చాక స్టీలు గొట్టాన్ని వేళ్లతో తాకి చూడు. వేడి తగిలితే వెంటనే తీగ పీకెయ్యి.

నీది ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కదా, ఎర్ర తీగను 3.3 వోల్టులకే కలుపు. ఆ బోర్డు పిన్నులు, అంటే తీగలు కలిపే కాళ్లు, 5 వోల్టులను తట్టుకోలేవు. సెన్సర్‌కు 3 వోల్టులున్నా చాలు. పసుపు తీగను 4వ పిన్నుకు పెట్టు. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నుల జోలికి పోకు, అవి వినడానికే తప్ప మాట్లాడడానికి పనికిరావు. ఈ సెన్సర్‌తో ఒకే తీగ మీద రెండూ జరగాలి.

ఇక చాలామంది మరిచిపోయేది 4.7 కిలో ఓముల రెసిస్టర్, అంటే కరెంటుకు అడ్డుపడే చిన్న ముక్క. పసుపు, వంకాయ రంగు, ఎరుపు పట్టీలుంటాయి. దాన్ని సమాచారపు తీగకూ 3.3 వోల్టులకూ మధ్య పెట్టాలి. అది లేకపోతే సెన్సర్ ఉన్నట్టే బోర్డుకు తెలియదు. ఐదు సెన్సర్లున్నాయని ఐదు రెసిస్టర్లు పెట్టకు. అవన్నీ కలిసి వెయ్యి ఓములకన్నా తగ్గిపోతాయి, సమాచారం పంపడానికి ఆ తీగ వోల్టేజీని సున్నా వైపు దించడం సెన్సర్‌కు కష్టమవుతుంది. మొత్తం వరుసకు ఒకటే చాలు. తీగలు కూడా బోర్డు దగ్గర నుంచి ఐదు దిక్కులకు చీల్చకుండా, ఒకే ప్రధాన తీగ నడిపి, దారిలో ఒక్కొక్క సెన్సర్‌నూ పొట్టి కొసలతో కలుపు.

బిగించేముందు పరీక్ష. గ్లాసు నిండా ఐసు ముక్కలు బాగా దంచి వేసి, సందులు నిండేంత నీళ్లు పొయ్యి. గొట్టం అడుగుకు ఆనకుండా ముంచి, కలుపుతూ కొన్ని నిమిషాలు ఆగు. సున్నాకు అర డిగ్రీ లోపల నిలవాలి. బజారులో నకిలీలు చాలా ఉన్నాయి, ఈ గ్లాసు దగ్గర కొన్ని పట్టుబడతాయి. ఒక్కొక్క సెన్సర్‌నూ విడిగా కలిపి పరీక్షించు. ప్రతిదానికీ తయారీలోనే ఇచ్చిన 64 బిట్ల సొంత సంఖ్య ఉంటుంది. అది తెరమీద రాగానే రాసుకుని, తీగకు చీటీ కట్టు. ప్రోగ్రామ్‌లో ఒకటి, రెండు అని వరుసతో పిలవకుండా ఆ సంఖ్యతోనే పిలువు. లేకపోతే రేపు ఒకటి పాడై కొత్తది పెట్టిన రోజున వరుస మారిపోయి, కింది ట్రే వేడి పై ట్రేదిగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్నది 85 అనే అంకె గురించి. ఈ సెన్సర్‌కు కరెంటు తగిలిన వెంటనే లోపల ఉండేది ఆ అంకే. కొలత పూర్తి కావడానికి ముప్పావు సెకను పడుతుంది. అంతవరకు ఆగకుండా చదివినా, వదులు తీగ వల్ల కరెంటు క్షణం పోయి వచ్చినా 85 చూపిస్తుంది. గదిలో 85 వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. డ్రైయర్‌లో మాత్రం నిజమేననుకుని మీ నాన్న మంట తగ్గించేస్తారు! 68 నుంచి ఉన్నట్టుండి సరిగ్గా 85.00కు ఎగిరితే ఆ కొలతను వదిలేసి మళ్లీ చదివేలా ప్రోగ్రామ్ రాయి. మైనస్ 127 వస్తే తీగ తెగిందని అర్థం, అది ఎవరినీ మోసం చేయదు.

బోర్డును డ్రైయర్ బయటే పెట్టు. సెన్సర్ తీగలను మోటారు తీగలతో కలిపి కట్టకు. మన వైపు సముద్రపు గాలికి లోహం తొందరగా చిలుము పడుతుంది కాబట్టి ప్రతి అతుకునూ టంకం వేసి గొట్టం తొడిగి మూసెయ్యి. బ్లోయర్ కరెంటు పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలిపెట్టు.

ఐదింటి సంఖ్యలూ, ఐసులో వచ్చిన అంకెలూ ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. అవి చూశాక ఏ సెన్సర్ ఏ ట్రేకో చెబుతాను. అప్పటిదాకా డ్రైయర్‌కు రంధ్రాలు చేయకు.

మీ మామయ్య